పలకరింపు బరువు మోస్తున్న ఆశా కార్యకర్తల గురించి అధికారులకు బహిరంగ లేఖ

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ, మహిళా శిశు సంక్షేమ శాఖల ఉన్నతాధికారులకు. నల్లగొండ, మహబూబ్‌నగర్, నారాయణపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాల కలెక్టర్లకు నమస్కారం.

నేను నల్లగొండ ప్రాంతంలో డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్లు సమాజశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకురాలిని. మన ఊళ్ల ఆశా కార్యకర్తలు రోజూ చేస్తున్నా ఏ రిజిస్టరులోనూ కనిపించని ఒక పని గురించి ఒక కార్యాలయానికి సోమవారం ప్రజావాణిలో వినతిపత్రం ఇచ్చాను. రసీదు ఇచ్చారు. నెలలు గడిచాక వచ్చిన జవాబులో ఉన్నది ఒకే ముక్క: నేను చెప్పిన అంశం ఆశాల విధుల జాబితాలో లేదు కాబట్టి తీసుకోవలసిన చర్య ఏదీ లేదని. జాబితాలో లేదన్నదే నా ఫిర్యాదు. దాన్నే జవాబుగా తిప్పి పంపారు కాబట్టి ఇప్పుడు నలుగురి ముందూ రాస్తున్నాను.

ఆ పని ఇది. చావు జరిగిన ఇంట్లో కూర్చోవడం. కడుపు పోయిన కోడలిని ఇంట్లోవాళ్ల మాటల నుంచి కాసేపైనా కాపాడటం. ముంబైలో ఉన్న కొడుకు ఫోను ఎత్తడం లేదని మాత్రలు మానేసిన ముసలితల్లికి ఒక ముద్ద అన్నం తినిపించి రావడం. క్షయ బయటపడిందని, ఊళ్లో ఎవరికీ చెప్పవద్దని బతిమాలిన మనిషి రహస్యాన్ని ఏళ్ల తరబడి మనసులో దాచుకోవడం. టీకాలకు ఉన్నట్టు దీనికి లెక్క ఉండదు. కానీ ఇది జరగని ఊళ్లో టీకాల లెక్క కూడా పూర్తికాదు. పోలియో చుక్కల రోజున తలుపు తీసేది, కిందటేడు తమ కష్టంలో పక్కన కూర్చున్న మనిషికే.

మన ప్రాంతంలో ఒకప్పుడు ఈ పని ఏ ఒక్కరిదీ కాదు. చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు. చుట్టుపక్కల ఇళ్ల నుంచి అన్నం, కూర వస్తాయి. పక్క ఊళ్ల ఆడవాళ్లు పలకరించడానికి వస్తారు. గడప దగ్గరే శోకం ఎత్తుకుంటారు. ఇంటామె మెడ పట్టుకుని, పోయిన మనిషి బతుకంతా చెప్పుకుంటూ ఏడుస్తారు. ఏ ఏడు ఏ పంట పోయింది, ఏ కూతురి పెళ్లికి ఎంత అప్పు తెచ్చాడు, ఆఖరి రోజున ఏం తినాలని అడిగాడు, అన్నీ అందులో వస్తాయి. బయటి నుంచి చూసేవాళ్లకు అది అదుపు తప్పిన దుఃఖంలా కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే అందులో గట్టి క్రమం ఉంది. ఎవరు ఎవరిని పట్టుకోవాలి, ఎవరు ముందు ఊరుకోవాలి, ఎవరు లేచి మంచినీళ్లు అందించాలి అన్నవి చిన్నప్పటి నుంచి చూసి నేర్చుకున్న విషయాలు. పైగా అది ఒక బాకీ. ఈరోజు నా ఇంటికి వచ్చిన మనిషి ఇంటికి రేపు నేను వెళ్లి తీరాలి. "మా నాన్న పోతే పలకరించడానికి రాలేదు" అన్న మాట ఒక కుటుంబంలో రెండు తరాలు నిలిచిపోతుంది. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం మూడూ బాధ్యతలేనని కానుకల గురించి ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1925లో చెప్పినది మన పలకరింపుకు అక్షరాలా సరిపోతుంది.

ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని వలస తెంచేసింది. కోస్గి, మద్దూరు, దామరగిద్ద, మక్తల్ వైపు కూలీలను గుంపుగా పనులకు తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబై, పుణె, బెంగళూరు దారి పట్టిన కుటుంబాలు ఎన్నో. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, బడి పిల్లలు. చావు కబురు అందితే సమయానికి రాలేనివాళ్లు వీడియో కాల్‌లోనే ఏడుస్తారు. ఆ ఫోను పట్టుకుని పాడె పక్కన నిలబడేది చాలాసార్లు ఆశా కార్యకర్తే. ఒక వాడ మొత్తం పంచుకోవలసిన పలకరింపు ఆమె ఒక్కదాని వంతుకు వచ్చింది. ఆమె ఇంట్లో కష్టం వచ్చినప్పుడు ఆ వాడంతా తిరిగి రావడానికి ఊళ్లో మనుషులు లేరు.

ఇది యాదృచ్ఛికంగా జరిగిందని ప్రభుత్వం అనడానికి వీల్లేదు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు వెయ్యి మంది జనాభాకు ఒక ఆశా అని నిర్ణయించారు. ఆమె అదే ఊళ్లో కాపురముంటున్న మహిళ అయి ఉండాలని, వివాహితలు, భర్త చనిపోయినవారు, విడాకులు పొందినవారు అర్హులని, 25 నుంచి 45 ఏళ్ల వయసువారికి ప్రాధాన్యమని మార్గదర్శకాలు చెప్పాయి. ఊరి కోడలినో, ఊరి ఆడపడుచునో ఎందుకు కోరారు? అక్కా, వదినా, చిన్నమ్మా అని ఊరు పిలిచే మనిషి అయితేనే వంటింటి దాకా వెళ్లగలదని. అంటే ఆమె చదువుకన్నా ముందు ఆమె వరసలను, ఆమె మనసును పనిలోకి తీసుకున్నారు. పని మాత్రం 'స్వచ్ఛంద సేవ' అన్నారు, ఇచ్చేదాన్ని పారితోషికం అన్నారు.

ఇలాంటి పనికి పేరు పెట్టింది అమెరికా సమాజశాస్త్రవేత్త ఆర్లీ రస్సెల్ హాక్‌షీల్డ్. 1983లో ఆమె విమానాల్లో పనిచేసే పరిచారికలను, అప్పులు వసూలు చేసే ఉద్యోగులను పరిశీలించి, జీతం కోసం తమ భావాలను అదుపులో పెట్టుకోవడం, కావలసిన భావాన్ని తెచ్చుకోవడం కూడా శ్రమేనని చూపించారు. ముఖం మీద మాత్రమే భావం తెచ్చిపెట్టుకోవడం ఒక పద్ధతి. మనసునే ఆ భావంలోకి నడిపించడం రెండోది, ఎక్కువ అలసట కలిగించేది. ఏళ్ల తరబడి అలా చేసినవాళ్లు ఏది తమ సొంత భావమో పోల్చుకోలేని స్థితికి చేరవచ్చని కూడా ఆమె హెచ్చరించారు. విమానం దిగాక ప్రయాణికుడు తన దారిన తాను వెళ్లిపోతాడు. ఆశా ఓదార్చిన మనిషి మాత్రం పక్క సందులోనే ఉంటుంది. నల్లా దగ్గర, రేషన్ షాపు దగ్గర, బతుకమ్మ దగ్గర ఎదురుపడుతూనే ఉంటుంది. ఆశాకు పని గంటలు ముగియడమంటూ లేదు.

"ఓదార్చడం ఆడవాళ్లకు సహజంగా వస్తుంది, దాన్ని పని అనడమేమిటి?" అని ఒక సమావేశంలో నన్ను అడిగారు. సహజమైతే ప్రపంచమంతా ఒకేలా ఉండాలి. పసిఫిక్ దీవుల్లోని కొన్ని సమాజాల్లో ఎదుటి మనిషి మనసులో ఏముందో ఎవరికీ తెలియదని, ఊహించి చెప్పడం తగదని గట్టిగా నమ్ముతారు. పాపువా న్యూగినీలోని ఉరాప్మిన్ ప్రజల గురించి మానవశాస్త్రవేత్త జోయెల్ రాబిన్స్ ఈ సంగతి వివరంగా రాశారు. మన ఊళ్లో అడగకుండా వెళ్లిపోవడమే అవమానం. సహానుభూతిని ఎలా చూపాలో, ఎంతవరకు చూపాలో ఒక్కో సమాజం తన పిల్లలకు తనదైన తీరులో నేర్పుతుంది. నేర్చుకునేది ఏదైనా నైపుణ్యమే, చేసేకొద్దీ అలసట తెచ్చేదే.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఫిలిప్పీన్స్‌లోని ఇలోంగోట్ ప్రజల్లో ఒకప్పుడు మనుషుల తలలు నరికే ఆచారం ఉండేది. ఆత్మీయులు చనిపోయినప్పుడు కలిగే కోపమే తమ చేత ఆ పని చేయించేదని అక్కడి పెద్దవాళ్లు రెనాటో రొసాల్డో అనే మానవశాస్త్రవేత్తకు చెబుతూ వచ్చారు. ఆయనకు ఆ మాట ఏళ్ల తరబడి అంతుపట్టలేదు. 1981లో, క్షేత్ర పరిశోధనలో ఉండగా, ఆయన భార్య, తానూ మానవశాస్త్రవేత్త అయిన మిషెల్ రొసాల్డో కొండ దారిలో కాలు జారి పడి చనిపోయారు. దుఃఖంలో ఉండే ఆ కోపం ఏమిటో అప్పుడు తెలిసిందని ఆయనే రాశారు. నేను మాట్లాడిన ఆశాల్లో బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు, భర్తను పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఊరు ఎక్కువగా కబురు పెట్టేది వాళ్లకే. వాళ్లకైతే అర్థమవుతుందని ఊరికి తెలుసు. ప్రతి చావు ఇంట్లోనూ వాళ్లు తమ ఇంట్లో జరిగిన చావును మళ్లీ చూసి వస్తున్నారని మాత్రం ఎవరూ అడగరు.

దీన్ని లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల నష్టపోతున్నది ఆశాలు మాత్రమే కాదు. సామాన్య కుటుంబాల మీద పడుతున్న భారాన్ని మీ ముందు ఉంచుతున్నాను.

1. బాలింతలు, పసిపిల్లలు. ఆసుపత్రి కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా ఇంటికి వెళ్లి చూడాలి. ఈ ఆరు సందర్శనల్లో బరువు, జ్వరం, పాలు తాగే తీరు రాయడానికి గడులున్నాయి. బాలింత గోడ వైపు తిరిగి పడుకుని బిడ్డను ఎత్తుకోవడం మానేసిన సంగతి పక్కన పది నిమిషాలు కూర్చుంటేనే బయటపడుతుంది. ఆన్‌లైన్ నమోదు పూర్తి కాలేదని ఫోను మోగుతూ ఉంటే ఆ పది నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయి? కాన్పు తర్వాత వచ్చే మానసిక కుంగుబాటు మన ఊళ్లలో చాలాసార్లు గాలి సోకిందన్న పేరుతో మంత్రగాడి దగ్గరికి చేరడానికి ఈ తొందర ఒక కారణం.

2. ఫ్లోరైడ్ మండలాలు. దీని దగ్గర కాసేపు ఆగమని కోరుతున్నాను. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు ప్రాంతాల పేర్లు దేశమంతా విన్నది వంగిపోయిన ఎముకల వల్ల. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. మిషన్ భగీరథ 2016లో మొదలై కృష్ణా నీళ్లు వచ్చాక కొత్త తరానికి ముప్పు తగ్గింది. అది చిన్న విజయం కాదు. కానీ ఒకసారి వంగిన ఎముక తిరిగి నిటారుగా కాదు. నలభై ఏళ్ల కొడుకును పసిబిడ్డలా ఎత్తి స్నానం చేయించే తల్లులు ఇంకా ఉన్నారు. వాళ్ల వయసు ఇప్పుడు అరవై, డెబ్బై. "నా తర్వాత వీడిని ఎవరు చూస్తారమ్మా?" అన్న ప్రశ్న వాళ్లు కలెక్టరును అడగరు, డాక్టరును అడగరు. వారం వారం వచ్చే ఆశాను అడుగుతారు. ఆమె దగ్గర జవాబు లేదు, చేతిలో పథకం లేదు. జవాబు లేని ప్రశ్నను అదే ఇంట్లో మళ్లీ మళ్లీ వినాలి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోని 24వ సెక్షన్, ఎక్కువ సహాయం అవసరమైన దివ్యాంగులకు సంరక్షకుల భత్యం గురించి స్పష్టంగా చెప్పింది. కేరళ 'ఆశ్వాసకిరణం' పథకం కింద సంరక్షకులకు నెలకు 600 రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేసింది. ఆ మొత్తం చాలదు. అయినా ఇంట్లో చేసే సంరక్షణ కూడా పనేనని ఒక ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకుంది.

3. ఆత్మహత్య జరిగిన రైతు కుటుంబాలు. 2015లో వచ్చిన జీవో 194 ప్రకారం అర్హమైన కుటుంబానికి 6 లక్షల రూపాయలు రావాలి. అందులో లక్ష అప్పు పరిష్కారానికి. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకులతో కూడిన త్రిసభ్య కమిటీ విచారించాలి. ఆచరణలో ఆ భార్య అదే కథను పోలీసులకు, రెవెన్యూవారికి, వ్యవసాయ శాఖకు, బ్యాంకుకు విడివిడిగా చెప్పుకోవలసి వస్తోంది. కౌలు రైతు అయితే చూపించడానికి పట్టాదారు పాసుపుస్తకం కూడా ఉండదు. అధికారులు వెళ్లాక ఆమెను లేపి మొహం కడిగించేది, పిల్లలను బడికి పంపేది, రాత్రి ఆమె ఒంటరిగా పడుకోకుండా చూసేది ఆశా, పక్కింటి ముసలమ్మ. ఆ ఇంట్లో రెండో ప్రాణం పోకుండా ఆపుతున్నది ఈ ఇద్దరే. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య సహాయ ఫోను సేవ టెలి మానస్ నంబరు 14416 ఉపయోగకరమైనది, ఆ నంబరు ప్రతి ఇంటి గోడ మీదా ఉండాలి. ఆ నంబరుకు ఫోను చేద్దామని ధైర్యం చెప్పడానికి మాత్రం పక్కన ఒక మనిషి కావాలి.

4. వలస ఇళ్ల ముసలివాళ్లు. బీపీ, షుగరు మాత్రలు పల్లె దవాఖానా నుంచి ఇంటికి చేరుతున్నాయి. వేసుకోవాలనే కోరిక చేరడం లేదు. ఎవరి కోసం బతకాలన్న మాట విన్నాక కూడా మాత్రలు లెక్కపెట్టి వచ్చేయమనడం ఆశాకూ కష్టమే, ఆ ముసలివాళ్లకూ అవమానమే.

5. ఎండిపోయిన మనసు. మనుషులతో పనిచేసేవాళ్లలో మొదట మనసు అలసిపోవడం, తర్వాత ఎదుటివాళ్లను వస్తువుల్లా చూడటం మొదలవుతాయని మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టినా మాస్లాక్ 1980ల నాటికే చూపించారు. ఊళ్లో ఆశా కసురుకుంటోందని మీ దగ్గరికి ఫిర్యాదు వచ్చినప్పుడు మెమో ఇచ్చే ముందు, ఆ నెలలో ఆమె ఎన్ని చావు ఇళ్లకు వెళ్లి వచ్చిందో కనుక్కోండి. ఆమె మనసు మూసుకుపోతే మొదట నష్టపోయేది, ఆమె తప్ప ఇంకెవరూ గడప తొక్కని ఇళ్లు.

ఇప్పుడు డబ్బు సంగతి. 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న మహిళ చనిపోతే 24 గంటల్లోగా ఫోనులో తెలియజేసినందుకు కేంద్ర పారితోషికాల పట్టికలో 200 రూపాయలు ఉన్నాయి. ఆ ఇంట్లో తల్లి లేకుండా మిగిలిన పిల్లల దగ్గర కూర్చున్నందుకు పట్టికలో వరస లేదు. అయితే ఆ వరస చేర్చమని నేను అడగడం లేదు. ఓదార్చినందుకు ఇంత, కన్నీళ్లు తుడిచినందుకు ఇంత అని రేటు కట్టిన రోజున పలకరింపు అన్నదే చచ్చిపోతుంది. ఇంటింటికీ ఫోటో తీసి యాప్‌లో పెట్టమంటారు. పనికి ఇంత అని ముక్కలుగా ఇచ్చే పద్ధతి ఈ పనికి పనికిరాదు. అందుకే ఆశాలు ఏళ్లుగా అడుగుతున్న 18,000 రూపాయల స్థిర వేతనం న్యాయమని నమ్ముతున్నాను. 2022 జనవరిలో రాష్ట్రం వారి నెల పారితోషికాన్ని 7,500 నుంచి 9,750 రూపాయలకు పెంచింది. ఆ పెంపును గౌరవిస్తూనే చెబుతున్నాను: దానికి జీతం అన్న హోదా లేదు, పదవీ విరమణ తర్వాత పింఛను లేదు. పథకాల కింద పనిచేసేవారిని కార్మికులుగా గుర్తించి కనీస వేతనం, పింఛను ఇవ్వాలని 2013 మేలో జరిగిన 45వ భారత కార్మిక మహాసభ సిఫారసు చేసింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలకు, సహాయకులకు గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు చెప్పింది. అదే ఏడాది మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలోని సుమారు పది లక్షల మంది ఆశాలకు పురస్కారం ప్రకటించింది. ప్రశంసలు అందాయి, ఇక హక్కులు అందాలి.

మా డిమాండ్లు ఇవి.

1. ఆశాలకు స్థిర వేతనం, పింఛను, గ్రాట్యుటీ. కేంద్రం చేయవలసినదాని కోసం రాష్ట్రం గట్టిగా సిఫారసు చేయాలి. రాష్ట్రం చేతిలో ఉన్నదాన్ని వాయిదా వేయకూడదు.

2. ఊళ్లో బాలింత, పసిబిడ్డ చనిపోయినా, ఆత్మహత్య జరిగినా ఆ ఆశాకు మూడు రోజులు సర్వేలు, లక్ష్యాలు, ఆన్‌లైన్ నమోదుల నుంచి మినహాయింపు. అత్యవసరమైనవి ఏఎన్ఎం, పక్క ఊరి ఆశా పంచుకోవాలి. ఆ తర్వాత ఆమెకు ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలి, పారితోషికంలో కోత ఉండకూడదు.

3. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండలో 2019 నుంచి, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. వాటి మానసిక వైద్య విభాగాల నుంచి ఒకరు నెలకొకసారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జరిగే ఆశా డేకు రావాలి. ఆ రోజు సగం సమయం ఆశాలు చెప్పుకోవడానికే ఉండాలి. పైఅధికారులు ఆ గదిలో ఉండకూడదు, చెప్పిన మాటలు బయటికి రాకూడదు.

4. త్రిసభ్య కమిటీ విచారణ ఒకే చోట, ఒకే రోజు ముగియాలి. ఆ మహిళ కోరితే తనకు నమ్మకమైన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోనివ్వాలి. ఆశాను పిలిస్తే ప్రయాణ ఖర్చు ఇవ్వాలి.

5. ఫ్లోరైడ్ బాధిత మండలాల నుంచి మొదలుపెట్టి సంరక్షకుల భత్యం. దరఖాస్తు కోసం ఆ తల్లులను జిల్లా కేంద్రానికి రప్పించవద్దు.

6. వాట్సాప్ గ్రూపుల్లో అందరూ చూసేలా ఆశాలను మందలించడం వెంటనే ఆగాలి. ఎప్పుడూ నవ్వుతూ ఉండాలని శిక్షణలో చెప్పడం కూడా. చావు ఇంటి నుంచి వచ్చిన మనిషిని నవ్వమనకూడదు.

ఈ లేఖ చదువుతున్న ఊరి పెద్దలకు, ముఖ్యంగా మగవాళ్లకు ఒక మాట. పలకరింపు బాకీలో మీ వంతు కూడా ఉంది. పాడె మోయడంతో అది తీరదు. మూడో రోజు తర్వాత జనం తగ్గిపోయిన ఇంటికి వెళ్లి కూర్చోండి. ఆశా ఇంట్లో ఎవరికైనా బాగాలేదని తెలిస్తే మొదట వెళ్లేది మీరు కావాలి.

అధికారులారా, ఈ లేఖ ప్రతిని ఆరు జిల్లాల కలెక్టర్ కార్యాలయాలకు రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. ముప్పై రోజుల్లోగా ఒక్కో డిమాండుకు విడివిడిగా రాతపూర్వకమైన జవాబు కోరుతున్నాను. మీరు తేదీ నిర్ణయించి, ఆ రోజుకు విధుల నుంచి మినహాయింపు, ప్రయాణ ఖర్చు ఇస్తే, మండలానికి ఇద్దరు చొప్పున ఆశాలు వచ్చి మీతో నేరుగా మాట్లాడటానికి సిద్ధంగా ఉన్నారు. జవాబు రాకపోతే ఆ తర్వాతి సోమవారం ప్రజావాణికి వారితో కలిసి వస్తాను.

ఇట్లు,
విశ్రాంత సమాజశాస్త్ర అధ్యాపకురాలు,
నల్లగొండ